వట్టి విస్తట్లో నెయ్యి

నా చిన్నప్పుడు, రాయచోటిలో మా చిన్నాయన పెళ్లినాడు, ఒక మనిషిని విస్తరి ముందు నుంచి లేపబోయారు. ఆయన మా జేజికి, అంటే నాయనమ్మకు, తోడబుట్టిన అన్న, నాకు తాత. కోడుమూరు దగ్గర మెట్టచేను దున్నుకునే మనిషి. బస్సులు మారి, దుమ్ము కొట్టుకుపోయిన పంచెతో వచ్చి, ఆకలి మీద మొదటి బంతిలోనే కూర్చున్నాడు. తన విస్తట్లోనే తిందువుగాని రమ్మని నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ బంతి పెళ్లికూతురి వైపు వాళ్లకని మా పెదనాయన ముందే అనుకున్నాడట. వియ్యంకుడు పెద్ద కాంట్రాక్టరు. జీపుల్లో ఆఫీసర్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లందరూ కూర్చోగా ఆయనకే విస్తరి లేకపోయింది. పందిరి గుంజ దగ్గర నిలబడి మా వైపే చూస్తున్నాడు. పెదనాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"మామా, రోంత లెయ్యి. నువ్వు మనోడివే కదా, రెండో బంతిలో కూచుందువులే."

తాత లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాడు. ఆయన లేచాడంటే సంచి తీసుకుని నేరుగా బస్టాండుకే పోతాడు. మళ్లీ మా గడప తొక్కడు. జేజికి పుట్టింటి దారి మూసుకుపోతుంది. అది నాకూ తెలుసు.

మా ఇళ్లల్లో అన్నం మీద నెయ్యి పడితే భోజనం మొదలైనట్టే. ఇక పగవాణ్ణి కూడా లేపరు. కానీ అన్నం గంప ఇంకా రానేలేదు. జేజి వంటల దగ్గర నుంచి నెయ్యి చెంబుతో గబగబా వచ్చి, మా వట్టి విస్తట్లో ధారగా పోసేసింది.

"నెయ్యి పడె. ఇంగ ఎట్ల లేపుతావో లేపు నాయనా. మా అన్న లేస్తే నేనూ ఈ ఇంట్లో మెతుకు ముట్టను."

పెదనాయన తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు. అన్నం గంప రాగానే తాత ఆ నేతిలో అన్నం కలిపి మొదటి ముద్ద నాకు పెట్టాడు. వియ్యంకుడు రెండో బంతిలో నాలుగు మెతుకులు కతికి లేచిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ మా జేజిని పలకరించలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ జాలి లేదు.

ఈ రోజుల్లో కల్యాణమండపాల్లో గొప్పవాళ్ల భోజనానికి ఏసీ గది వేరే ఉంటోంది. మా అబ్బాయి ఉద్యోగం చూసి నన్నూ అటే పిలుస్తారు. నేను పోను. బయట వరుసలో ఎవరో ఒకరు, ఎవరొచ్చి లేపుతారో అని అటూ ఇటూ చూస్తూ, సగం కుర్చీలోనే కూర్చుని ఉంటారు. పోయి వాళ్ల పక్కన కూర్చుంటాను.