పైన కనిపించిన నెంబరు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నాకు మంచి పేరు వచ్చేకొద్దీ అది ఇంకా బరువెక్కింది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక.

మాది ఎమ్మిగనూరు. ఇంజనీరింగ్ చదివి, ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. మా వీధిలో ఉండే సరోజక్క, భర్త మగ్గం మీద నేసిన చీరల ఫోటోలు ఫోనులో పెట్టి తనే అమ్మేది. ఒకరోజు ఎవరో పంపిన డబ్బు ఖాతాలో పడలేదు. బ్యాంకు కస్టమర్ కేర్ నెంబరు వెతికిపెట్టమని నా దగ్గరికి వచ్చింది.

నేను బస్సు అందుకునే తొందరలో ఉన్నాను. వెతికితే అన్నిటికంటే పైన వచ్చిన నెంబరు ఇచ్చేశాను. దాని మీద చిన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంది. అంటే డబ్బు కట్టి పైకి ఎక్కించుకున్న ప్రకటన. బ్యాంకు పేరు పెట్టుకుని మోసగాడైనా దాన్ని వేయించవచ్చు. నాకు తెలియదా? తెలుసు. ఆ అక్షరాలు చూడలేదా? చూశాను.

అవతలివాడు ఆమె చేత ఒక యాప్ వేయించాడు. దానితో ఆమె ఫోను తెర మొత్తం వాడికి కనిపించింది. ఖాతా ఖాళీ అయింది. సాయంత్రం ఆమె ఏడుస్తూ వచ్చి ఫోను చూపించగానే నాకంతా అర్థమైంది.

“ఓటీపీ ఏమన్నా చెప్పినావా అక్కా?”

“లేదప్పా. ఏం చెప్పలేదు.”

“చెప్పింటావులే, గుర్తుండదు. చెప్పకుండా దుడ్లు యాడికి పోతాయి?”

ఆమె ఫోనులోని మెసేజీలు మళ్లీ పైకీ కిందికీ జరిపి చూసింది. “చెప్పింటానేమో. నా బుద్ధికి ఏమైందో ఏమో.”

దేన్నైనా విడదీసి చూసుకోవడం నా అలవాటు. తప్పు నెంబరు ఇవ్వడం ఒకటి, అది అజాగ్రత్త. తప్పును ఆమె మీదికి నెట్టడం రెండు; అది పిరికితనం. మూడోదానికి ఇప్పటికీ పేరు దొరకలేదు. ఆ తర్వాత ఆమె ఫోను ముట్టలేదు, చీరలు దళారి చెప్పిన ధరకే ఇచ్చేసింది, ఎవరికి ఫోనులో ఏ పని పడినా “ఆ పిల్లోన్ని అడగండి, నా మాదిరి మోసపోవద్దండి” అని నా దగ్గరికే పంపింది. నేను కాదనలేదు. ఆ మంచి పేరు నాకు నచ్చిందా? నచ్చింది కూడా.

పోయిన ఆదివారం ఆమె కూతురు ఫోను పట్టుకుంటే, “నీకూ నా బుద్ధే వచ్చింటాది, వద్దు” అని లాక్కోవడం చూశాను. ఇక ఆగలేకపోయాను. వాళ్లింటి గడపలోనే నిలబడి చెప్పాను. ఆ నెంబరు ప్రకటనలోదని చూసీ ఇచ్చింది నేనేనని, ఆమె ఓటీపీ చెప్పనే లేదని, చెప్పకుండానే అది వాడికి కనిపించిందని. పోయిన డబ్బు విడతలుగా ఇస్తానన్నాను. ఆమె ఆ మాట విన్నట్టు లేదు.

తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు. ఫోను కూతురి చేతిలో పెట్టి, మగ్గం చప్పుడు ఆగేదాకా భర్తను పిలిచింది.

“ఇంగోసారి చెప్పు. మా ఆయన గూడా ఇనల్ల.”

మొదటినుంచీ మళ్లీ చెప్పాను. ఈసారి మాటలు వెతుక్కోవలసిన పని లేకపోయింది.