మ్యాపులో కట్టిన వంతెన

2009 శ్రావణ శుక్రవారం ఉదయం పదిన్నరకు, నా మనవరాలి పెళ్లికి మధిర నుంచి వచ్చిన మగపెళ్లివారి బస్సు నడుంలోతు వాగు ముందు ఆగింది. ముహూర్తం పదకొండింటికి. మాటలన్నీ ఖమ్మంలోనే అయ్యాయి, వాళ్లు మా ఊరు చూడలేదు.

అవతలి ఒడ్డున పెళ్లికొడుకు తండ్రి ఇంటర్నెట్ మ్యాపు కాగితం ఊపుతూ, “ఇందులో వంతెన ఉందిగా, ఏదీ?” అని అరిచాడు.

పిల్ల తండ్రి, అంటే నా అల్లుడు, గొణిగాడు. “ఆ మ్యాపు ఎవరైనా దిద్దొచ్చు అత్తమ్మా. ఊరికి తొవ్వ లేదంటే సంబంధం పోతదని నేనే గీసిన.”

“సర్కారు కట్టనిది నువ్వు కట్టినవా? నడువు, పిల్లగాణ్ణి భుజాన ఎత్తుకొని రా!” అన్నాను.

ఎత్తుకొచ్చాడు. తాళి పడింది. మర్నాడే నెట్ సెంటర్‌లో వంతెన చెరిపించాను. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని. ఎవరు మళ్లీ గీస్తారో, ఎవరు నమ్మి మునుగుతారోనని ఇప్పటికీ ఆ మ్యాపు తెరిపించి చదువుతాను.

ఆ రోజు వాగు దగ్గర నేను మల్లమ్మను, అల్లుడు నర్సయ్య, అతని వియ్యంకుడు వెంకట్రామయ్య ఉన్నాం. పెళ్లికొడుకు శీను నర్సయ్య భుజాల మీద ఉన్నాడు.