ఇద్దరికీ మధ్యలో ఇల్లు

పెళ్ళయ్యాక మేము తిరుత్తణిలో అత్తగారింట్లో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడి బడిలో తెలుగు అయ్యవారు. నాకు మద్రాసులో టైపిస్టు ఉద్యోగం. చీకటితో లేచి రైలుకు పరిగెత్తితే, తిరిగి ఇల్లు చేరేసరికి మా పాప నిద్రపోయి ఉండేది. ఆదివారం ఎత్తుకోబోతే అత్తయ్య కొంగు వెనక దాక్కునేది. అది చూసి ఆయనే అన్నాడు, తిరువళ్ళూరుకు మారిపోదామని. అక్కడినుంచి మద్రాసుకు కరెంటు రైళ్ళున్నాయి, నువ్వు పాప నిద్రపోకముందే ఇంటికి రావచ్చు, నేను బస్సులో బడికి వెళ్ళొస్తానన్నాడు. అప్పటిదాకా ఆయన బడికి నడిచే వెళ్ళేవాడు.

కొన్ని ఆదివారాలు ఇళ్ళ కోసం తిరిగాం. పాప ఆయన భుజం మీద ఉండేది. తిరువళ్ళూరులో స్టేషను ఒక కొస, ఊరు మరో కొస. స్టేషను పక్కన చూసిన ఇల్లు నాకు బాగుంది గానీ, అక్కడినుంచి బస్టాండుకు ఆయన చాలా దూరం నడవాలి. వీరరాఘవస్వామి గుడి దగ్గర చూసిన ఇల్లు ఆయనకు అనుకూలమే గానీ పెరటి బావికి గోడ లేదు. కిందికి దించగానే పాప నేరుగా ఆ బావి వైపే పోయింది. ఇంకోచోట ఇంటామె, చీకటిపడ్డాక వచ్చే ఆడవాళ్ళకు ఇల్లు ఇవ్వనని మొహానే చెప్పింది. ఆయన ఆమెతో వాదించలేదు. పాపకు చెప్పులు తొడిగి, వస్తామండీ అని చెప్పి బయటికొచ్చాడు.

చివరికి స్టేషనుకూ బస్టాండుకూ నడుమ ఒక సందులో వాటా దొరికింది. చిన్న వంటగది, ఒక గది, ముందు అరుగు. బండ్లు దూరని సందు కాబట్టి పిల్లలు అక్కడే ఆడుకునేవాళ్ళు. పాపను వేయడానికి బడి మలుపులోనే ఉంది. పక్క వాటాలో తెలుగు మాట్లాడే వ్యాపారస్తుల కుటుంబం. సందు మొదట్లో వాళ్ళకు వెచ్చాల కొట్టు, కొట్లో ఫోను ఉండేవి. తిరుత్తణి విడిచి రానన్న అత్తయ్య, ఇల్లు చూడడానికని వచ్చి పక్కింటామెతో సాయంత్రందాకా అరుగు మీద కూర్చుంది. వెళ్ళేటప్పుడు, "ఈడ మన మాటే ఉండాదే" అంది. ఆ మరుసటి వారం తన గిన్నెలు మూటగట్టుకుని వచ్చేసింది.

ఆ ఇంట్లో మా సాయంత్రాలు మొదలయ్యాయి. నేను వచ్చేసరికి ఆయన గడపలో కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతూ ఉండేవాడు. పాప మొదట్లో నన్ను దూరంనుంచి చూసేది, తర్వాత నా సంచీ వెతకడానికి దగ్గరికొచ్చేది. ఒకరోజు తనంతట తానే నా ఒడిలో పడుకుని నిద్రపోయింది. ఆయన ఎవరినీ మాట్లాడొద్దని సైగ చేసి, నా కంచం తెచ్చి నా పక్కనే పెట్టాడు. కదిలితే లేస్తుందేమోనని ఎడమపక్కకు వంగి అన్నం తిన్నాను.

మేము అక్కడ చేరిన మరుసటి ఏడు, వానాకాలంలో, బడికి వెళ్తూ ఆయన బస్సులో ఒరిగిపోయాడు. దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో బస్సు ఆపి, తోటివాళ్ళు ఒక టీకొట్టు బల్ల మీద పడుకోబెట్టారట. వైద్యుణ్ణి పిలుచుకొచ్చేలోగానే ప్రాణం పోయింది. అక్కడ మా ఇల్లు తెలిసినవాళ్ళెవరో ఆయన్ను గుర్తుపట్టి, ఎదురొచ్చిన బస్సెక్కి అత్తయ్యకు కబురు తెచ్చారు. కొట్లోని ఫోనులో నా ఆఫీసుకు చెప్పించారు. మీ ఆయనకు ఒంట్లో బాగాలేదట, ఇంటికి వెళ్ళమ్మా అని మా పెద్ద గుమాస్తా అన్నాడు. చెబుతున్నంతసేపూ గుమాస్తా కళ్ళు నావైపు తిరగలేదు.

మధ్యాహ్నపు రైల్లో నేనెప్పుడూ వెళ్ళలేదు. పెట్టె మొత్తం ఖాళీ. కిటికీ పక్కన చోటున్నా తలుపు దగ్గరే నిలబడ్డాను. సందులోకి వచ్చేసరికి మా అరుగు ముందు జనం ఉన్నారు. పాపను పక్కింటామె ఎత్తుకుని ఉంది.

కర్మలయ్యాక బావగారు, అంటే ఆయన అన్న, తిరుత్తణినుంచి వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. మంచి మనిషే. వాళ్ళమ్మా, పాపా తనతో రావాలనీ, నేను మద్రాసులో ఆడవాళ్ళ హాస్టల్లో ఉండి శనివారాలు వచ్చిపోవాలనీ బావగారి ఆలోచన. "ఇద్దురికీ మద్దెన అని తీసుకున్న ఇల్లు గదమ్మా ఇది. ఇంక ఎవురికి మద్దెన?" అన్నాడు.

అత్తయ్య గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె అంది: "బిడ్డ ఇప్పుడిప్పుడే వాళ్ళమ్మ కాడికి పోతా ఉండాది. దాని కోసరమే గదా వాడు బస్సెక్కినాడు. నేను యాడికీ రాను నాయనా."

ఆ మాట చాలా కాలం నన్ను నిద్రపోనివ్వలేదు. ఇల్లు మారకుండా ఉంటే ఆయన బస్సులో ఉండేవాడు కాదనే అర్థం కూడా అందులో ఉంది. అత్తయ్య నన్ను అన్నదో, తన కొడుకును మెచ్చుకున్నదో నేను అడగలేదు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున మామూలుగా నా క్యారియరు కట్టి ఇచ్చింది.

పాప పెద్ద బడికి వచ్చాక నాకు మద్రాసులో ఆఫీసు క్వార్టర్సు వచ్చింది. ఒక్కదాన్నే చూడడానికి వెళ్ళాను. గదులు విశాలంగా ఉన్నాయి, కిటికీలోంచి బడి కనబడుతోంది, ఆఫీసుకు నడిచిపోవచ్చు. తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఏమంటారు అని అడగబోయి పక్కకు తిరిగాను. తాళంచెవి పట్టుకున్న కాపలామనిషి ఉన్నాడక్కడ. నీళ్ళు బాగా వస్తాయమ్మా అని తమిళంలో చెప్పాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. "నీకు సరిగా ఉంటే పోదాం అమ్మణ్ణీ. నాకిప్పుడు యాడైనా ఒకటే" అంది. ఆ వేసవిలో మారిపోయాం. పక్కింటామె రైలుదాకా వచ్చి, అత్తయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

కొత్త ఇంటికి నేను ఎండ ఉండగానే చేరేదాన్ని. పాప తన స్నేహితురాళ్ళతో చదువుకోవడానికి వెళ్ళేది. అత్తయ్య, నేను చెరో కుర్చీలో కూర్చునేవాళ్ళం. పొద్దు ఎంతకీ వాలేది కాదు.