డిలీట్ బటన్‌కు పెద్ద బొట్టు

మొన్న మా కోడలు కొత్త లాప్‌టాప్ కొని తెచ్చి, నా చేతులతోనే తెరవాలని పట్టుబట్టి నా ముందు పెట్టింది. నేను కళ్ళజోడు సవరించుకుని పవర్ బటన్ నొక్కానో లేదో, నా కుడిచేతి వేలు నన్ను అడగకుండానే డిలీట్ బటన్ మీదికి వెళ్ళి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. రెండో దెబ్బ పడేలోపే తెర మీద కొండలూ సరస్సూ వచ్చేశాయి. కోడలు చూసి నవ్వు ఆపుకుంది, మర్యాద తెలిసిన పిల్ల. ఆ వేలికొక చరిత్ర ఉందని ఆ పిల్లకు ఎట్లా చెప్పను? మీకైతే చెప్పవచ్చు. కంప్యూటర్ ఆన్ చేసి, టీ తాగి వచ్చి, అది ఇంకా తెరుచుకోలేదని చూసి మరో టీకి వెళ్ళిన కాలం మనదే కదా.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నారాయణపేటలో ఒక చిన్న చేనేత సంఘంలో రాతకోతల పని చూసేవాణ్ణి. అంతకు ముందు డిగ్రీలో చరిత్ర చదివాను, తర్వాత మూడు నెలల కంప్యూటర్ కోర్సు కూడా చేశాను, అందులో రెండు నెలలు మా సారు ఊళ్ళో లేడు. సంఘంలో ఇంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు ఎవరూ లేకపోవడంతో, పాత కంప్యూటర్ ఒకటి ఎక్కడినుంచో మా ఆఫీసుకు వచ్చిన రోజున నేనే నిపుణుణ్ణయ్యాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మా మేనమామ ఆ సంఘంలో పేరున్న నేతగాడు. చీర అంచుల్లో వాళ్ళ నాయిన నేర్పినవీ తాను కల్పించినవీ అన్నీ ఆయన తలలోనే ఉండేవి, కాగితం మీద ఒక్కటీ లేదు. కళ్ళలో శుక్లాలు ముదిరి చూపు మసకబారుతున్నా ఆపరేషన్ అంటే ఆమడ దూరం పోయేవాడు. దవాఖాన వాసన పడదనేవాడు, అసలు సంగతి భయం. కళ్ళు పూర్తిగా మూసుకుపోకముందే ఆ అంచులన్నీ ఎక్కడో ఒకచోట దించాలని ఆయనకే తోచి, గళ్ళ కాగితం మీద గీయడానికి కూర్చున్నాడు. ఒక గడి ఒక పోగు. ఆయన గీసేవాడు, నేను కంప్యూటర్లోకి గడి గడిగా ఎక్కించేవాణ్ణి. అట్లా రెండేళ్ళు పట్టింది, అరవైమూడు అంచులు ఎక్కాయి. కాగితాలను గోడ అల్మారాలో భద్రంగా పెట్టాను. చెదలకు కూడా అవి నచ్చాయి. కాబట్టి అరవైమూడూ ఇక ఆ కంప్యూటర్ పెట్టెలోనే ఉన్నాయి. ఇంకోచోట నకలు పెట్టుకోవాలని నాకు తెలియక కాదు, నలుగురికి చెప్పింది కూడా నేనే. దానికోసం కొన్న పెన్‌డ్రైవ్ ప్యాకెట్టు విప్పకుండా టేబుల్ సొరుగులో చాలా భద్రంగా ఉండేది.

ఆ ఏడు దసరాకు మగ్గాలకు పూజ చేసినట్టే కంప్యూటర్‌కూ చేయాలని మా అత్త, అంటే ఆ మామ భార్య, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. తెరకు బొట్టు పెట్టింది, పెట్టెకు పెట్టింది, మౌసుకు కూడా పెట్టింది. తర్వాత కీబోర్డు ముందు నిలబడి ఆలోచనలో పడింది.

"గిన్ని బటన్లున్నయి గదా అల్లుడా, గిండ్ల పెద్దది ఏది?"

నేను ఊరుకుని స్పేస్ బార్ చూపించి ఉంటే ఈ కథే లేదు. చదువుకున్నవాణ్ణి కదా, పెద్దది వేరు, ప్రమాదమైనది వేరు అని మొదలుపెట్టి, ఈ డిలీట్ ఒక్కటి నొక్కితే మామ రెండేళ్ళ కష్టం తుడిచిపెట్టుకుపోతుందని చెప్పాను.

"అయితే దీన్నే సల్లగ ఉంచాలె," అని, ఉగ్రంగా ఉన్న అమ్మవారిని శాంతింపజేసినట్టు, డిలీట్ బటన్ మీద తడి పసుపు ముద్ద దండిగా మెత్తి, కుంకుమ అద్ది, నాలుగు అక్షింతలు వేసి, రెండు చేతులా దండం పెట్టింది. నేను కూడా పెట్టాను. ఎందుకైనా మంచిదని.

మూడు రోజుల సెలవు తర్వాత వచ్చి, బట్టతో పైపైన తుడిచి ఆన్ చేశాను. రోజూ వచ్చే తెర రాలేదు. దాని బదులు నీలం తెర, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, ఒక మూలన సెకన్లతో సహా గడియారం. ఆపి మళ్ళీ పెట్టాను, అదే నీలం. సాయంత్రం దాకా పదిసార్లు పెట్టాను, పదిసార్లూ అదే. మహబూబ్‌నగర్‌లో ఒక రిపేరు పిల్లగాడు ఉండేవాడు, అతనికి ఫోన్ చేస్తే, ఆన్ కాగానే డిలీట్ నొక్కితేనే ఆ పేజీ వస్తుంది సార్, మీరు నొక్కుతున్నారు అన్నాడు. దాని జోలికే పోలేదన్నాను. "మరి ఇంకెవరో నొక్కుతున్నరు సార్," అన్నాడు. గదిలో నేనూ, గోడ మీద దండ వేసిన దేవుడి పటమూ తప్ప ఎవరూ లేరు. డిస్క్ పేరు ఆ పేజీలో ఉందేమో చదవమన్నాడు. చదివాను. అంకెలూ పొడి అక్షరాలూ పోగా నాకు అర్థమైన మాట ఒక్కటే, నన్, అంటే ఏమీ లేదని. అది వరుసగా మూడుచోట్ల ఉంది. అవి ఏమీ తగిలించని ఖాళీ చోట్లని తర్వాత తెలిసింది గాని, ఆ పూటకు నాకు మాత్రం అరవైమూడు అంచులూ ఏమీ లేకుండా పోయాయనే అర్థమైంది. పండగ గిరాకీ వదిలి తాను రాలేనని, పెట్టె ఊడదీసి మర్నాడు తెమ్మని అతను ఫోన్ పెట్టేశాడు.

ఊళ్ళో సంగతి దాగదు. మర్నాడు పొద్దున్నే మామ కర్ర ఆనించుకుంటూ ఆఫీసుకు వచ్చాడు, పెట్టె చుట్టడానికి పాత దుప్పటి కూడా తెచ్చాడు.

"ఉన్నయా, పోయినయా? జర నిజం చెప్పు రా."

ఉండవచ్చు అన్నాను. నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆయన రెండేళ్ళు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, మళ్ళీ గీయాలంటే ఈ కళ్ళతో కాదురా అని మెల్లగా అన్నాడు. నేను వైర్లు పీకడానికి టేబుల్ కిందికి దూరాను. దూరడానికి అంత అవసరం లేదు, ఆయన ముఖం చూడలేకే దూరాను.

కిందినుంచి వింటున్నాను. ఆయన చెయ్యి కీబోర్డు మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి, పడుగు మీద తెగిన పోగు కోసం తడిమినట్టు, మెల్లగా పోతోంది. ఒకచోట ఆగింది.

"గిదేంది రా, అన్ని పైకున్నయి, గిదొక్కటి కిందికే కూసున్నది?"

లేచి చూశాను. డిలీట్. పైన నేను తుడిచిన మేర శుభ్రంగానే ఉంది, అంచుల సందుల్లో మాత్రం అత్త భక్తి గట్టిపడి, దాన్ని లేవకుండా అదిమి పట్టింది. పండగ నాటినుంచీ ఆ బటన్ నొక్కుతున్నది మా అత్తే. మామ చొక్కా మడతలోనుంచి సూది తీసి, కళ్ళతో పని లేకుండా వేలితో చోటు చూసుకుంటూ సందులో తిప్పాడు. పసుపు పలుకులు రాలాయి, వాటి వెనక ఒక అక్షింత వచ్చింది. బటన్ టిక్కుమని పైకి లేచింది. అంత తీయని చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

పీకిన వైర్లన్నీ మళ్ళీ పెట్టి ఆన్ చేశాను. రోజూ వచ్చే తెరే వచ్చింది. లోపల అరవైమూడూ ఉన్నాయి. ఉన్నాయి మామా అంటే ఆయనకు నమ్మకం కుదరలేదు, తెర ఆయనకు వెలుతురుగానే తప్ప కనిపించదు. పదిహేడోది తీసి ఎడమనుంచి గళ్ళు చదవమన్నాడు. నేను రెండు ఎరుపు, ఒకటి పసుపు అని చదువుతుంటే ఆయన పెదవులు నాకంటే ఒక గడి ముందే కదిలేవి. ఆ వరుస అయిపోయాక చాలురా అని తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను సొరుగు లాగి పెన్‌డ్రైవ్ ప్యాకెట్టు చింపాను.

మామ ఇంటికి వెళ్ళి సంగతి చెబితే అత్త ఏమాత్రం నొచ్చుకోలేదు. "నేను గట్టిగ పట్టుకొమ్మని మొక్కిన, పట్టుకున్నది," అంది.

ఆ నెలలోనే మామ తనంతట తానే ఆపరేషన్‌కు పోదాం పదమన్నాడు. కట్టు విప్పిన తర్వాత నేరుగా ఆఫీసుకు వచ్చి, అరవైమూడూ ఒక్కొక్కటిగా చూసి, పదకొండో దాంట్లో ఒక పోగు తప్పు పట్టాడు. "రెండేండ్లు పక్కన కూసుంటె గిదా రా నువ్వు చేసింది?" ఆ తిట్టు కోసం నేను ఎంతగా ఎదురుచూశానో ఆయనకు తెలియదు.

తర్వాత ఆ పెట్టెలో గడియారం సెల్లు అయిపోయి, ఆపినప్పుడల్లా అది తారీఖు మరిచిపోయేది. దాన్ని మార్చడానికి సంఘం తీర్మానం కావలసి వచ్చింది, తీర్మానం రెండేళ్ళకు వచ్చింది. అందాకా రోజూ పొద్దున్నే డిలీట్ టకటకా కొట్టి, ఒకప్పుడు నన్ను భయపెట్టిన ఆ నీలం తెరలోకి వెళ్ళి, తారీఖు దిద్ది వచ్చేవాణ్ణి. నా వేలికి ఆ అలవాటు అప్పుడు పట్టిందే.

ఇప్పుడు మామ లేడు. ఆయన అంచులు ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతున్నాయి, పదకొండోది దిద్దిన పోగుతోనే తిరుగుతోంది. ఇప్పటి యంత్రాలు రెప్పపాటులో తెరుచుకుంటాయి, లోపల ఏముందో చూసిపొమ్మని మనల్ని ఆపవు, చెడిపోతే తడిమి చూసుకునేంత చోటు కూడా ఇవ్వవు. మంచిదే. కాని వాటి ముందు ఊపిరి బిగబట్టే పని లేకపోవడంతో, ఆ తర్వాత హమ్మయ్య అనుకునే సుఖం కూడా లేకుండా పోయింది.

నిన్న కోడలు కొత్త లాప్‌టాప్‌కు, మూత మీదే, చిన్న బొట్టు పెట్టింది. ఆమె వంటింట్లోకి వెళ్ళాక నేను మెల్లగా మూత ఎత్తి, కళ్ళు మూసుకుని, బటన్ల మీద ఈ చివరినుంచి ఆ చివరికి చెయ్యి పోనిచ్చాను. అన్నీ పైకే ఉన్నాయి.