ఎర్ర బాణాల క్యాలెండర్

మా కింది ఇంటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు హైదరాబాదులో, ఒక సీరియల్ కథ గురించి కూర్చున్న గదిలో అందింది. ఒక పాత్రను గురువారం చంపాలా, శనివారం చంపాలా అని ఆరుగురం వాదించుకుంటున్నాం. బెంగళూరు బొమ్మనహళ్ళి నుంచి మా ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. పొద్దున పాల ప్యాకెట్ తెచ్చుకుని గడప మీద కూర్చుందట, మళ్ళీ లేవలేదట. నేను గదిలోకి తిరిగి వచ్చేసరికి శనివారమని తేల్చేశారు. సంచి తీసుకుని బస్సెక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఒకే ఓనరుకు ఆమె కింద, నేను పైన అద్దెకుండేవాళ్ళం. వయసులో ఉన్నంత కాలం హోసూరు రోడ్డు మీది గార్మెంట్స్‌లో చెకింగ్ పని చేసింది. కుట్టి వచ్చిన చొక్కాను తిరగేసి, లోపలి కుట్టు చూసి, తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కర్ అంటించాలి. ఆ తప్పు సరిచేసి తెస్తే బాణం పీకేయాలి. పని మానేసిన రోజున ఒక కట్ట బాణాలు ఆమె సంచిలోనే ఉండిపోయాయట. ఎలా ఉండిపోయాయో నేనడగలేదు.

ఆ బాణాలన్నీ సీరియళ్ళకు పనికొచ్చాయి. సాయంత్రం ఏడున్నరకు టీవీలో పాట మొదలవగానే స్టీలు లోటాతో కిటికీ ఊచ మీద రెండు దెబ్బలు కొట్టేది. అది నాకు పిలుపు. దిగివెళితే చాప మీద చోటు, చేతికి కాఫీ. కథ ఎక్కడైనా కుట్టు తప్పిందనిపిస్తే లేచి, క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ఒక బాణం అంటించి వచ్చి కూర్చునేది. కొన్ని నెలల్లో ఆ కాగితం తట్టు పోసినట్టు ఉండేది. సీరియల్ వాళ్ళు చేసిన తప్పు దిద్దుకోరని, అందుకే ఒక్క బాణమూ పీకే పని పడలేదని నిష్ఠూరంగా అనేది.

మీరు కూడా సీరియళ్ళు చూసేవాళ్ళైతే, పట్టుచీరతో నిద్రపోవడాలూ నగలతో వంట చేయడాలూ చూసి నవ్వుకునే ఉంటారు. ఆమె నవ్వేది కాదు. "అది పై ఇస్త్రీ అప్పా, ఎంతన్నా చేసుకోనీ" అనేది. తప్పును లోపలే వెతికేది. విషం కలిపే మాట తెర చాటు నుంచి విన్న కోడలు మూడు వారాలు ఎవరికీ చెప్పకపోతే బాణం పడింది, నలుగురు ఆడవాళ్ళున్న ఇంట్లో మాట మూడు పూటలు దాగదని. జ్ఞాపకం పోయిన అమ్మాయి మొగుణ్ణి మరిచిపోయి, శ్లోకం మాత్రం తప్పు లేకుండా చదివినందుకు ఇంకొకటి. అందరూ తిట్టుకునే అత్త పాత్రను మాత్రం వెనకేసుకొచ్చేది. ఆ అత్తకు అంత కోపమెందుకో ఎవరూ చెప్పలేదని ఆమె బాధ. కారణం లేని కోపం గుండీ లేని కాజా అనేది. అన్నిటికంటే ఎక్కువగా అడిగింది అన్నం గురించి. రోజుకొకరు కంచం ముందు నుంచి విసురుగా లేచిపోతారు కదా, ఆ అన్నం ఎవరు తింటారని.

నేను కంప్యూటర్ పని చేస్తానని ఆమె నమ్మకం. బెంగళూరులో లాప్‌టాప్ ఉన్నవాడల్లా కంప్యూటర్ వాడే. ఆ ఏడున్నర సీరియల్‌కు సీన్లు రాసే ముగ్గురిలో నేనొకణ్ణని ఏడాదిన్నర చెప్పలేదు. చెబితే నా ముందు మనసు విప్పి మాట్లాడదని భయం. నిజానికి నా బండి ఆ మాటలతోనే నడిచేది. ఆ అత్త కోపానికి కారణం కనిపెట్టి రాశానని హైదరాబాదులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు రాయడం నేర్పింది కింది ఇంటి పెద్దమ్మ అని అక్కడ కూడా చెప్పలేదు.

ఒక సాయంత్రం సీరియల్ మధ్యలో కరెంటు పోయింది. ఆ కాసేపట్లో తన కూతురి సంగతి చెప్పింది. తల్లికి చెప్పకుండా పెళ్ళి చేసుకుని అత్తిబెలెలో కాపురం పెట్టిన కూతురు, ఒక రోజు వచ్చి తలుపు తట్టిందట.

"నేను మిక్సీ ఏసినా అప్పా. జార్లో ఏమీ లేదు. ఉత్త జారే తిప్పినా, తలుపు కొట్టేది ఇనపడకూడదని. ఆపేసి చూస్తే ఎవరూ లేరు."

ఆ తర్వాత ఏడేళ్ళు కూతురు రాలేదు, ఈమె పిలవలేదు.

ఆ మిక్సీని నేను రాసేశాను. ఒక తల్లి పాత్రకు ఏడుపు సీను కావాలన్నప్పుడు చేతికి మొదట తగిలింది అదే. పేర్లు లేవు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఒక్కటి మార్చాను, నా సీనులో తల్లి మిక్సీ ఆపి తలుపు తీస్తుంది. పెద్దమ్మకు అలా జరిగి ఉంటే బాగుండేదని మార్చానో, చివర కౌగిలింత ఉంటే జనం చూస్తారని మార్చానో ఇప్పటికీ తెలియదు.

అది వచ్చిన రోజు నేను కిందికి వెళ్ళకుండా ఉండాల్సింది. లోటా మోగింది, అలవాటుగా దిగాను. టీవీలో ఖాళీ మిక్సీ చప్పుడు మొదలవగానే ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"ఈ మాట నీకొక్కనికే చెప్పినా గదప్పా" అంది.

టీవీలో తల్లీకూతుళ్ళు కౌగిలించుకున్నారు. కాసేపు చూసింది.

"అంత సులభంగా తెరిసేసిండాది. అంత సులభమైతే నేను తెరిసేదాన్ని కాదా?"

లేచి ఆ రోజు గడిలో బాణం అంటించింది. నేను తలవంచుకుని మెట్లెక్కాను.

పదకొండు రోజులు లోటా మోగలేదు. కింద పాట మొదలయ్యేది. నేను మెట్ల మీద కూర్చుని, నేను రాసిన మాటలే వినేవాణ్ణి. నా జన్మలో అంతగా సిగ్గుపడలేదు. పన్నెండో రోజు లోటా మోగింది. తప్పయిందని చెప్పబోతే వినిపించుకోలేదు, కాఫీ ఇచ్చింది.

"తలుపు తెరిపించినావు, సరే. బిడ్డకు అన్నం పెట్టించినావా? ఆ పొద్దు నుంచి ఆ పిల్ల గడప కాడే నిలబడుకోనుండాది చూడు."

నిజమే. కౌగిలింత అవగానే మేం వేరే గొడవలోకి వెళ్ళిపోయాం. మర్నాడే కూర్చుని రెండు పేజీల సీను రాశాను. తల్లి పీట వేసి వడ్డిస్తుంది, కూతురు తింటుంది, అంతే. అందులో కథ ముందుకు కదలడం లేదని హైదరాబాదులో తీసేశారు. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఈ పొద్దు అన్నం పెడతాదేమో అంటూ ఆమె రోజూ చూసింది. కొన్ని వారాలకు అడగడం మానేసింది. మరిచిపోయిందనుకున్నాను. నా తెలివి అంతే.

నేను బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. అత్తిబెలె నుంచి కూతురు వచ్చి ఉంది. పదకొండో రోజున, వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, వంటింటి గుమ్మంలో కూర్చుని తనే చెప్పింది.

"నెల కింద అమ్మ ఫోన్ చేసిందన్నా. తిన్నావా అనింది. తిన్నా అంటే ఏం కూర అనింది. ఉప్పు సరిపోయిందా అని అడిగి పెట్టేసింది. అప్పట్నుంచి దినామూ ఎనిమిదికి చేసేది. వస్తానంటే రా అనలేదు, వద్దూ అనలేదు."

ఎనిమిదికి, అంటే సీరియల్ అవగానే. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకోకుండానే పెద్దమ్మ వెళ్ళిపోయింది. సీరియల్లో మేమైతే ఆఖరి నిమిషంలో ఎలాగో కలిపేసేవాళ్ళం, ఆమె దానికి తప్పకుండా బాణం అంటించేది. అయినా కలిసి ఉంటే బాగుండేదని, ఆ పిల్ల ముందే, ఆపుకోలేక ఏడ్చాను. మిక్సీ సీను రాసింది నేనేనని కూడా చెప్పాను. తను లేచి గోడ మీది క్యాలెండర్ తీసి, ఈ బాణాలేమిటని అడిగింది.

చెప్పాను. చెబుతూనే రెండు నెలలు వెనక్కి తిప్పి మిక్సీ సీను వచ్చిన తేదీ వెతికాను. చుట్టుపక్కల గడుల్లో బాణాలు ఎర్రగా అలాగే ఉన్నాయి. ఆ గడిలో లేదు. పీకినప్పుడు పైపొర లేచిపోయి, కాగితం మీద బాణం ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది, దాని అంచుల వెంబడి సన్నగా దుమ్ము పట్టి ఉంది. వేలు పెట్టి చూశాను. అంచుల్లో జిగురు ఇంకా ఆరలేదు.