ఇంక్యుబేటర్ దగ్గర నేనన్న మాట

దయ్యాల కథలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా మొదలుపెడితే "నీ కళ్ళతో చూశావా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. సైన్సు చదివి, పొద్దస్తమానం మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చున్నదాన్ని మరి. ఇప్పుడు నన్నెవరైనా అదే ప్రశ్న అడిగితే లేదనే చెప్తాను. నేను చూసింది ఏమీ లేదు.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో చిక్కబళ్ళాపురం బయట ఒక చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. మనిషి కొవ్వులోంచి మూలకణాలు వేరుచేయడం మా పని. ఆపరేషన్లలో తీసి పారేసే కొవ్వును, రోగి ఒప్పుకుంటే మాకు పంపేవారు. దాన్ని నెత్తురు పోయేదాకా సెలైన్‌తో కడగాలి. సన్నగా తరిగి, ఎంజైము కలిపి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ఊపుతూ ఉంచాలి. కరిగాక సెంట్రిఫ్యూజులో తిప్పితే నూనె పైకి తేలి, అడుగున ఎర్రటి మడ్డి మిగులుతుంది. మూలకణాలు ఉండేది ఆ మడ్డిలోనే. ఎంజైము ఖరీదని, అది లేకుండా ఉత్తినే గట్టిగా కుదిపి తీసే పద్ధతి కూడా ప్రయత్నించాం. అందులో వచ్చేవి తక్కువ.

మడ్డిని పోషక ద్రవంలో కలిపి ఫ్లాస్కుల్లో పోసి, వెచ్చగా ఉండే ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంచుతాం. మూలకణాలు ఫ్లాస్కు అడుగున అతుక్కుంటాయి. మిగతావి కడిగితే పోతాయి. ఇక అక్కణ్ణుంచి చంటిబిడ్డల చాకిరీయే. ద్రవం మార్చడం ఒక్కసారి మరిచిపోయినా చస్తాయి.

ల్యాబులో ఉండేది నేనొక్కదాన్నే. మా డాక్టరమ్మ వారానికోసారి బెంగుళూరు నుంచి వచ్చిపోయేది. నా భర్త పోయి అప్పటికి కొన్నేళ్ళు. అద్దె గదికి చేరితే మాట్లాడేందుకు గోడలే. పొద్దున్నుంచి రాత్రి దాకా నోరు విప్పకుండా గడిచిన రోజులున్నాయి. సిగ్గెందుకు, ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

మా ఊరు సాదలి. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పురుగుల గది తలుపు తీసేముందు మా అవ్వ బయటే నిలబడి "వచ్చినానమ్మా" అనేది. చెప్పాపెట్టకుండా పోతే పురుగులు బెదురుతాయని ఆమె నమ్మకం. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేస్తే నా నోటికీ ఆ మాటే వచ్చేది. పొద్దున ఒకసారి, సాయంత్రం పోయేముందు ఒకసారి. ఆ గదిలో మనిషి గొంతు వినాలంటే నా గొంతే దిక్కు.

ఆ ఎండాకాలం ఫ్లాస్కులన్నిటికీ బూజు పట్టింది. తర్వాత వచ్చిన ఒక్కామె కణాలే నిలిచాయి. ఆమె వెంకటలక్షమ్మ. బాగేపల్లి అవతల పల్లె, కడుపు ఆపరేషన్‌కి ఆసుపత్రికి వచ్చింది. కొవ్వు తీసుకోవడానికి నేనే ఆమె ఒప్పుకోలు అడిగాను.

"పారేసేదే కదమ్మా, తీసుకో. బతుకుతాదా అది?" అని నవ్వింది.

"బతికిస్తానమ్మా" అన్నాను.

బతికాయి. ఎన్నడూ చూడనంత ఒత్తుగా పెరిగాయి.

కణాలిచ్చిన మనిషికి అంటురోగాలేవీ లేవని తేల్చడానికి, కొన్ని నెలలకు ఆమె రక్తపరీక్ష మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఆమెకు ఫోను లేదు. బస్సెక్కి నేనే పోయాను. మంచి ఎండవేళ. తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ కనబడలేదు. అలవాటు కొద్దీ "వచ్చినానమ్మా" అన్నాను.

"రామ్మా" అని లోపల్నుంచి జవాబు వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. నేనే లోపలికి అడుగుపెట్టాను. ఉలవలు చెరుగుతున్న వెంకటలక్షమ్మ నన్ను చూసి చేట వదిలేసింది.

"నువ్వా! దినామూ వచ్చేది నువ్వా?"

నాకేమీ అర్థం కాలేదు. చెయ్యి పట్టి కూర్చోబెట్టి చెప్పింది. "ఆపరేషనై వచ్చినప్పట్నుంచి పొద్దునొకసారి, మాపిటేళ ఒకసారి వాకిట్లో ఎవురో 'వచ్చినానమ్మా' అంటాండారు. రామ్మా అంటా. లేచి చూస్తే ఎవురూ ఉండరు. ఆదివారం మాత్రం రాదు. పోయిన నెల కొన్ని దినాలు రాకపోతే నాకు ముద్ద దిగలేదు. ఇదే గొంతమ్మా, ఇదే!"

ఆదివారం ల్యాబుకు సెలవు. పోయిన నెల ఆ కొన్ని రోజులూ నేను మా అన్న కూతురి పెళ్ళికని బట్లహళ్ళిలో ఉన్నాను. నా బదులు డాక్టరమ్మ పంపిన వేరే అమ్మాయి వచ్చి ద్రవం మార్చింది. నా అలవాటు గురించి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు చెప్పేశాను.

ఆమెకు భర్త లేడు, పిల్లలు పుట్టలేదు. తోడంటే ఒక ఆవు. "నన్ను పలకరించేది ఆ గొంతొక్కటే ఉండాది. నిలిపేయొద్దమ్మా" అంది. ఆమెకు భయమే లేదు. భయపడింది నేను. సరేనని తలూపి, పరీక్షకు రక్తం తీసుకుని బస్సెక్కాను.

డాక్టరమ్మకు చెబితే, కొన్నాళ్ళు సెలవు పెట్టి నిద్రపొమ్మంది. నేను పెట్టలేదు. ఆ పలకరింపు ఒక్క పూట కూడా మానలేదు.

వానాకాలం పోయేలోపు ల్యాబు మూసేస్తామన్నారు. కణాలన్నీ నాశనం చేయాలి, అది నియమం. కొన్నైనా గడ్డకట్టించి దాచమని బతిమాలాను. "ఎక్కడ పెట్టుకుంటావు, నీ గదిలోనా?" అంది డాక్టరమ్మ. ఆమె అన్నదీ నిజమే. బ్లీచింగ్ ద్రావణం పోసేముందు మైక్రోస్కోపులో ఒకసారి చూశాను. బాగా ఉన్నాయి. "పోయొస్తానమ్మా" అన్నాను. అది మధ్యాహ్నం. చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆ ఆదివారం పల్లెకు పోయాను. వెంకటలక్షమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నేనింకా నోరు తెరవలేదు.

"మొన్న పగటిపూట వచ్చినాది" అంది. "'పోయొస్తానమ్మా' అనింది. యాడికే అంటే పలకలేదు. ఇంగ రాలేదు. మళ్ళా వస్తాదంటావా?"

నాకు ఏడుపు ఆగలేదు. "నేనొస్తానమ్మా, ప్రతి ఆదివారం" అన్నాను.

ఆమె ఉన్నంతకాలం పోయాను కూడా. సంగటి పెట్టేది, ఆవు సంగతులు చెప్పేది. కానీ గుమ్మంలో నేను "వచ్చినానమ్మా" అంటే వెంటనే పలికేది కాదు. మెడ చాచి తొంగి చూసేది. అక్కడ మనిషి ఉందని తెలిశాక ఆమె ముఖం కొంచెం వాడేది. అప్పుడు "రామ్మా" అనేది.

నా గొంతు అంత దూరం ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆమె ఎదురుచూసింది నా కోసం కాదు.