పెయింటు మీద ఎర్తు

మా బావకు కళ్ళు పోయాయని తేల్చినవాళ్ళలో కంటి డాక్టరు తప్ప అందరూ ఉన్నారు. నేనూ ఉన్నాను.

బావ అంటే మా అక్క భర్త. అరసవల్లిలో ఉంటారు. చీకటితో లేచి ఊళ్ళల్లో కూరగాయలు ఎక్కించుకుని, తన పాత వ్యానులో విజయనగరం మార్కెట్టుకు వేస్తాడు. ఆ వ్యాను హెడ్‌లైట్లు మొదటినుంచీ ఆముదం దీపాలే. కిందటి దసరాకు ముందు బండి ముఖానికి నీలం రంగు వేయించాడు. పూజ అయ్యాక, అదే ఊపులో లైట్లు కూడా మార్పించాడు.

ఆ పని చేసిన శ్రీకాకుళం ఎలక్ట్రీషియను తనను తాను ఎలక్ట్రీషియను అనుకోడు. అతని దుకాణం బోర్డు మీద ఇంకా పెద్ద మాట ఏదో ఉంది. ఎక్కువ వెలుతురిచ్చే బల్బులు, లావు వైర్లు, కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా లైట్లకు పంపే రిలేలు, అన్నీ బిగించాడు. డ్యాష్‌బోర్డు మీద సూర్యనారాయణ స్వామి పటం ముందుండే చిన్న ఎర్ర బల్బును కూడా డిమ్ లైటు వైరుకు కలిపాడు.

"ఇంక రోడ్డు మీద సీమ నడిసినా కనపడతాది మావా" అన్నాడు.

మర్నాడు పొగమంచులో బావకు గేదె కనపడలేదు. గేదెకు బావ కనపడ్డాడు కాబట్టి ఇద్దరూ బతికారు.

అక్క బండి తాళం తీసి బియ్యం డబ్బాలో దాచింది. "లైట్లు కొత్తవి, వైర్లు కొత్తవి. పాతవేటున్నాయి ఇంక? నీ కళ్ళే" అంది. ఈ వాదన వీధి మొత్తానికి నచ్చింది. నాకూ నచ్చింది. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసి, ఇరుపక్షాలూ వినకుండా వార్త రాయకూడదని కుర్రాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి. అక్కను విన్నాను, ఎలక్ట్రీషియన్ను విన్నాను. బండి ముందుకెళ్ళి ఆ లైటు ఎలా వెలుగుతోందో మాత్రం చూడలేదు. "ఆపరేషన్ చేయించుకో బావా, ఈ రోజుల్లో అదెంత" అని పెద్దరికం వెలగబెట్టాను.

డాక్టరు పరీక్షించి, చత్వారం తప్ప ఏమీ లేదన్నాడు. "ఆ డాక్టరు పగటేళ సూసినాడు" అని అక్క కొట్టిపారేసింది.

బావ ఒక్కడే బండిని అనుమానించాడు. ఎలక్ట్రీషియను మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఇంకా పెద్ద బల్బులు వేశాడు. వెలుతురు మాత్రం తుప్పు రంగు దాటి పైకి రాలేదు. మూడోసారి బావ, "ఒరే, బ్రైట్ ఏస్తే డిమ్ ఆరాలి గదా, దాంతోపాటు సామి లైటూ ఆరాలి గదా. ఆరట్లేదురా, మినుకుమంటన్నాది" అన్నాడు.

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది. ఆ పెద్దబోర్డు మనిషి చెప్పులు విడిచి పటానికి దండం పెట్టాడు. "సామి నిన్ను ఒగ్గట్లేదు మావా, ఎంటే ఉన్నాడు. ఎంతమందికి దొరుకుతాది ఈ అదృష్టం?" పక్కింటావిడ వచ్చి మందార పువ్వు పెట్టి వెళ్ళింది.

ఈలోగా అక్క బండికి బేరం కుదిర్చింది. పాతపట్నం నుంచి ఒకాయన వస్తాడని తెలిసిన రోజు బావ అన్నం సగంలో వదిలేశాడు. బండి పోతే ఆయన చేయడానికి ఇంకేమీ లేదు. ఇంట్లో కూర్చుని, లేని గుడ్డితనానికి అలవాటు పడాలి.

వచ్చినాయన పాత బండ్లు కొని బాగుచేసి అమ్మే మనిషి. సందె చీకటి పడుతుండగా, అక్క బియ్యం డబ్బాలోంచి తీసిచ్చిన తాళంతో వ్యాను ఎదురింటి గోడవైపు తిప్పించి, బ్రైట్ వేయమన్నాడు. బావ వేశాడు. గోడ మీద పసుపు మరకలా వెలుతురు పడింది. ఆయన అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, ఎర్ర బల్బును గమనించి పకపకా నవ్వాడు.

"సామి మహిమ" అన్నాను నేను.

"ఏటి మహిమ? ఎర్తు లేదు. ఎల్లిన కరెంటు బండి ఇనుములోంచి బేటరీకి తిరిగి రావాల గదా బాబూ. దారి దొరక్క డిమ్ వైరులోంచి ఎనక్కొచ్చి, సామి బల్బులో దూరతన్నాది."

సంచిలోంచి మూరెడు వైరు తీసి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కూ, రెండో కొస లైటు ఎర్తు వైరుకూ ఆనించాడు. గోడ తెల్లగా భగ్గుమంది. ఎర్ర బల్బు ఆరిపోయింది. తరవాత ఎర్తు వైరు బిగించిన బోల్టు విప్పి చూపించాడు. దాని కింద నున్నటి నీలం పెయింటు, పెయింటు మీద పూజనాటి పసుపు, కుంకుమ. ఇనుము ఎక్కడా లేదు. "రంగు మీద బిగించినాడు మహానుబావుడు" అంటూ కత్తితో పెయింటు గీకి, మళ్ళీ బిగించాడు. వైరు తీసేసినా వెలుతురు తగ్గలేదు.

చేతులు తుడుచుకుంటూ, "ఇంక అమ్మరు గదా" అన్నాడు ఉసూరుమంటూ. ఈ వ్యవహారం మొత్తంలో నేను గౌరవించగలిగిన మనిషి, తన బేరాన్ని తనే చెడగొట్టుకున్న ఆ ఒక్కడే.

డ్రైవరు సీట్లోంచి బావ, ఎదురింటి దండెం మీద ఆరేసిన బట్టలకేసి చూస్తున్నాడు.

"ఒసే, నీ ఆకుపచ్చ సీర అంచు సిరిగినాది. జానెడు. సూసుకున్నావా?"

అక్క గబగబా వెళ్ళి చీర లాక్కొచ్చింది. చిరుగు నిజమే. తాళం బండికే ఉంది. ఆమె అడగలేదు.